ఊరి తరఫున చట్టం చదివినవారేరి?

కొత్త ఫ్యాక్టరీ వస్తోందంటే ఊరి చివర షామియానా లేస్తుంది. వేదిక మీద కలెక్టరు గారో, ఆయన తరఫున జాయింట్ కలెక్టరు గారో కూర్చుంటారు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి మైకు ముందుకు వచ్చి సభ ఉద్దేశం చెబుతారు. కంపెనీ ప్రతినిధి తెర మీద బొమ్మలు వేసి ఎన్ని చెట్లు నాటుతారో, ఎందరికి పని దొరుకుతుందో వివరిస్తారు. ఆ తర్వాత ఊరివాళ్ల వంతు. బోర్లలో నీళ్లు చెడిపోతే పూచీ ఎవరిదని ఒకరు, చెరువు కింద ఆయకట్టు ఏమవుతుందని ఒకరు, కుర్రాళ్లకు పర్మినెంటు ఉద్యోగాలిస్తారా అని మరొకరు అడుగుతారు. కేకలు లేస్తాయి. పోలీసులు సర్దిచెబుతారు. సాయంత్రానికి షామియానా విప్పేస్తారు. అనకాపల్లి జిల్లాలో పారిశ్రామికవాడల చుట్టూ ఉన్న ఊళ్లవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

అయితే ఆ సభకు ముందే జరగవలసిన పని ఒకటుంది. 2006లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. ఫ్యాక్టరీ వల్ల గాలికి, నీటికి, నేలకు కలిగే ప్రభావంపై తయారు చేసిన ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల జనానికి అందుబాటులో ఉంచాలి. దాని సారాంశం తెలుగులో కూడా ఉండాలి. వందల పేజీల ఆ నివేదికను ఆ నెల రోజుల్లో తెరిచి చదివి, ఏ పేజీలో ఏ లెక్క తప్పో రాసుకుని సభకు వచ్చేవారు ఊరి తరఫున ఎందరు? కంపెనీ పక్షాన మాత్రం ప్రతి వాక్యాన్నీ చదివి, ఏ అభ్యంతరం వస్తే ఏ జవాబు చెప్పాలో ముందే రాసిపెట్టే లాయర్లు ఉంటారు. వారు జడ్జి ముందు నిలబడి వాదించే రోజులు తక్కువ. పట్నంలోని లా సంస్థలో కూర్చుని చట్టాలు, రూల్సు, గెజిట్ ప్రకటనలు చదవడం, అర్జీలు, జవాబులు రాయడం వారి పని. దీన్నే రెగ్యులేటరీ ప్రాక్టీసు, అంటే నియంత్రణ చట్టాల ప్రాక్టీసు అంటున్నారు.

పల్లెల నుంచి లా చదువుతున్న యువతీ యువకులు ఈ దారి గురించి ఆలోచించవలసిన సమయం వచ్చింది. బతుకుదెరువుకు అది మంచి దారే. కాని ఆ విద్య అంతా ఒక్క పక్షానికే పోతే ఊళ్లకు మిగిలేవి షామియానా కింద కేకలే.

కోర్టు వరండాలో ఎదురుచూపులు

ఇంటర్మీడియెట్ పాసయినవారు ఐదేళ్ల లా కోర్సులోను, డిగ్రీ పూర్తి చేసినవారు మూడేళ్ల కోర్సులోను లాసెట్ రాసి చేరవచ్చు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ అనే వేరే పరీక్ష ఉంది. 2008లో ఏర్పడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఈ జిల్లాలోని సబ్బవరంలోనే ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి లా కాలేజీ ఎప్పటి నుంచో ఉంది. అంటే చదువు దూరం కాదు. పట్టా వచ్చాక బార్ కౌన్సిల్‌లో నమోదుకు అయ్యే ఖర్చు కూడా తగ్గింది. నమోదు రుసుము జనరల్ వర్గం వారికి 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 125 రూపాయలు మించరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నమోదయ్యాక అఖిల భారత బార్ పరీక్ష కూడా పాస్ కావాలి.

కష్టమంతా ఆ తర్వాతనే. అర ఎకరమో ఎకరమో అమ్మి కొడుకును, కూతురును ప్లీడరు చదివించిన రైతు, పట్టా రాగానే సంపాదన మొదలవుతుందనుకుంటాడు. కోర్టులో చేరిన జూనియరు మొదటి మూడు నాలుగేళ్లు సీనియరు ఫైళ్లు మోస్తూ, వాయిదాలు రాసుకుంటూ, బస్సు ఛార్జీలకు ఇంటివైపు చూస్తూ గడుపుతాడు. జూనియర్లకు పట్నాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేల రూపాయలు ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే. ఇచ్చే స్తోమత ఉన్న సీనియర్లు తాలూకా కోర్టుల్లో ఎందరుంటారో అందరికీ తెలిసిందే. భూ తగాదాలు, చెక్కు కేసులు, భార్యాభర్తల కేసులు ఉన్నవి ఉన్నన్ని. వాటి కోసం చూసే నల్లకోట్లు ఏటేటా పెరుగుతున్నాయి.

కొత్త పని ఎలా పుట్టింది?

1991కి ముందు ఫ్యాక్టరీ పెట్టాలంటే ఢిల్లీలో లైసెన్సు సంపాదించడమే పెద్ద పని. కరెంటు, టెలిఫోను, బీమా దాదాపు అన్నీ ప్రభుత్వమే నడిపేది. ఆర్థిక సంస్కరణల తర్వాత ప్రయివేటు కంపెనీలు వచ్చాయి. వాటిని అదుపులో పెట్టడానికి, ధరలు నిర్ణయించడానికి, ఫిర్యాదులు వినడానికి ప్రత్యేక సంస్థలు వచ్చాయి. షేర్ల వ్యాపారాన్ని చూసే సెబీకి 1992లో చట్టబద్ధమైన అధికారాలు లభించాయి. టెలిఫోన్లకు 1997లో ట్రాయ్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం కింద 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. బీమా నియంత్రణ సంస్థకు ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఆహార భద్రతకు 2006లో, పర్యావరణ వివాదాలు తేల్చే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 2010లో, ఇళ్ల ప్లాట్లు, అపార్టుమెంట్ల వ్యాపారానికి 2016లో చట్టాలు వచ్చాయి. వీటి పరిధిలోని అనేక విషయాల్లో మామూలు సివిల్ కోర్టుకు పోవడానికి వీలులేదు. ఆ మండలి ముందుకో, ట్రిబ్యునల్ ముందుకో పోవాలి. అక్కడ పని తెలిసిన లాయరు కావాలి.

హరిత ట్రిబ్యునల్ పుట్టుక వెనుక ఒక తెలుగు నేల కేసు కూడా ఉంది. హైదరాబాదుకు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల సమీపంలో పెట్టదలచిన ఒక నూనె ఫ్యాక్టరీ వ్యవహారంలో 1999లో తీర్పు ఇస్తూ, ఇటువంటి శాస్త్ర విషయాలు తేల్చడానికి నిపుణులు కూడా ఉండే న్యాయస్థానాలు అవసరమని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. పదకొండేళ్లకు ట్రిబ్యునల్ చట్టం వచ్చింది.

ఒక్క ఫ్యాక్టరీకి ఎన్ని కాగితాలు

పరవాడ ఫార్మా సిటీలోనో, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోనో ఉన్న ఒక్క మందుల ఫ్యాక్టరీని తీసుకుంటే చాలు, ఈ పని ఎంత ఉంటుందో తెలుస్తుంది. కట్టేముందు ఒక అనుమతి, నడిపేముందు మరో అనుమతి కాలుష్య నియంత్రణ మండలి నుంచి రావాలి. వాటికి ఆధారం 1974 నాటి నీటి చట్టం, 1981 నాటి గాలి చట్టం. దానిపైన పర్యావరణ అనుమతి. మందుల తయారీకి 1940 నాటి చట్టం కింద లైసెన్సు. బాయిలరుకు వేరు, ప్రమాదకర వ్యర్థాలకు వేరు, కరెంటు ఒప్పందానికి వేరు. ప్రతి అనుమతికీ గడువు ఉంటుంది, షరతులు ఉంటాయి. పర్యావరణ అనుమతిలోని షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక పంపాలి. ఒక్క షరతు తప్పినా షోకాజు నోటీసు వస్తుంది. గడువులోగా జవాబు ఇవ్వకపోతే ఫ్యాక్టరీకి కరెంటు కట్ చేసే అధికారం కూడా మండలికి ఉంది.

పైగా చట్టాలు ఉన్నచోట ఉండవు. 29 కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. చట్టం మారినప్పుడల్లా ప్రతి యజమానీ తన కాగితాలన్నీ తిరిగి చూసుకోవలసిందే. అందుకే ఈ పనికి గిరాకీ తగ్గే సూచన కనబడదు. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన సంగతి విదితమే. ఆ పార్కు నిండేకొద్దీ జిల్లాలో ఈ కాగితాలూ పెరుగుతాయి.

లాభమెంత, చిక్కులెంత

లా సంస్థలో చేరిన కుర్రవాడికి మొదటి నెల నుంచే చేతిలో డబ్బు పడుతుంది. పెద్ద గొంతు, కోర్టులో పలుకుబడి, తాతల నాటి క్లయింట్లు అక్కరలేదు. ఓపికగా చదివి, తప్పు లేకుండా రాయగలవాడు అక్కడ నిలదొక్కుకుంటాడు. ప్లీడర్ల వంశంలో పుట్టని పల్లె పిల్లలకు ఇది చిన్న సౌకర్యం కాదు. నాలుగైదేళ్లు పని నేర్చినవారిని కంపెనీలు తమ లా విభాగాల్లోకి పిలుచుకుంటాయి. సెబీ, రిజర్వు బ్యాంకు వంటి సంస్థలు సైతం పరీక్షలు పెట్టి లా ఆఫీసర్లను తీసుకుంటాయి.

చిక్కులు కూడా తెలిసి ఉండాలి. కాగితాలన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి. తెలుగు మీడియంలో చదివినవారు మొదటి రెండేళ్లు రెట్టింపు కష్టపడక తప్పదు. సంస్థలు ఎక్కువగా హైదరాబాదు, బెంగుళూరు, ముంబయి, ఢిల్లీ నగరాల్లో ఉన్నాయి. వచ్చిన డబ్బులో సగం ఇంటి అద్దెకే పోవచ్చు. ఏళ్ల తరబడి ఒకే చట్టం చూసినవారికి మరో పని చేతకాకపోవచ్చు, సాక్షిని ప్రశ్నించడం మరచిపోవచ్చు. కంపెనీలో పూర్తికాలపు జీతం ఉద్యోగిగా చేరితే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం వకాల్తా ఆపుకోవాలి. ఇవన్నీ చేరేముందే ఇంట్లోవారితో మాట్లాడుకోవలసిన విషయాలు.

అన్నింటికంటే పెద్ద చిక్కు మరొకటి. ఒక వ్యవహారంలో ఒక పక్షానికి సలహా ఇచ్చిన లాయరు అదే వ్యవహారంలో ఎదుటి పక్షాన నిలబడరాదని బార్ కౌన్సిల్ నియమం. రేపు సొంత ఊరి చెరువులో చేపలు తేలినా, ఆ ఫ్యాక్టరీ తన సంస్థకు క్లయింటు అయితే ఆ ఊరి లాయరు నోరు మెదపలేడు. కంపెనీల పని చేసే లాయర్లందరినీ ద్రోహులన్నట్లు చూడడం సరికాదు. ఈ షరతు తీరాలి, లేకుంటే ఫ్యాక్టరీ మూతపడుతుందని యజమానికి గట్టిగా చెప్పగలిగిన లాయరు పది ధర్నాలు సాధించలేనిది సాధించగలడు. అయినా ఆయన ఫీజు ఇచ్చేది యజమానే. ఊరికి వేరే లాయరు ఉండాలి.

ప్రాణాలకు సంబంధించిన కాగితాలు

ఈ కాగితాలతో పల్లెకు పనేమిటని అనుకునేవారు 2020 మే 7ను గుర్తు చేసుకోవాలి. ఆ తెల్లవారుజామున విశాఖ సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి విషవాయువు ఊరి మీదికి వచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. పర్యావరణ అనుమతి లేకుండానే ఆ ఫ్యాక్టరీ నడిచిందన్న సంగతి ఆ తర్వాతనే లోకానికి తెలిసింది. మర్నాడే హరిత ట్రిబ్యునల్ తనంతట తాను కేసు చేపట్టి 50 కోట్ల రూపాయలు జమ చేయాలని కంపెనీని ఆదేశించింది. ఆ అనుమతి కాగితం ఏదని ముందే అడిగిన మనిషి ఊళ్లో ఒక్కరున్నా ఏమయ్యేదో ఆలోచించాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది కార్మికులు బలయ్యారు. పోయినవారి ఇళ్లకు పరిహారం చెక్కులు వచ్చి ఉండవచ్చు. పోయినవారు రారు.

అడగడానికి చట్టం దారులు చూపింది. ఫ్యాక్టరీలు పంపే ఆరునెలల నివేదికలు రహస్యం కావు, ఎవరైనా చూడవచ్చు. పర్యావరణ అనుమతి తప్పనుకుంటే 30 రోజుల్లో హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు గడువిస్తారు, ఆపైన లేదు. దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పారిశ్రామిక పార్కు మొత్తానికి పర్యావరణ అనుమతి వచ్చాక, లోపల పెట్టే విడి ఫ్యాక్టరీలకు సాధారణంగా మళ్లీ ప్రజాభిప్రాయ సభ ఉండదు. పార్కుకు జరిగే ఒక్క సభలో అడగనిది ఇక అడగడం కష్టం. ఇది ముందుగా చెప్పే లాయరు లేకనే ఊళ్లు ఆ అవకాశం పోగొట్టుకుంటున్నాయి.

చట్టం తెలిసిన లాయరుంటే ఏమవుతుందో విత్తనాల కేసు చెబుతుంది. నాసి విత్తనాల వల్ల పంట పోయిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. విత్తనాల చట్టం వేరే ఉంది గనుక రైతులు అక్కడికి రాకూడదని జాతీయ విత్తన సంస్థ సుప్రీంకోర్టు దాకా వాదించింది. రైతు కూడా వినియోగదారుడేనని, ఆ ఫోరానికి వచ్చే హక్కు అతనికి ఉందని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. విత్తనాల చట్టం, వినియోగదారుల చట్టం రెండూ తెలిసినవారు రైతుల పక్షాన ఉండబట్టే ఆ హక్కు నిలబడింది.

జిల్లాలోనే బతకవచ్చు

పట్నంలో నేర్చుకుని జిల్లాకు తిరిగివస్తే అన్నం దొరుకుతుందా అన్నది న్యాయమైన ప్రశ్న. ఊళ్లు ఇచ్చే ఫీజులతోనే బతకాలంటే కష్టమే. అయితే నియంత్రణ చట్టాలు పెద్ద కంపెనీలకు మాత్రమే లేవు. అనకాపల్లి బెల్లం వ్యాపారికి ఆహార భద్రత చట్టం, ఎరువుల దుకాణానికి 1985 నాటి నియంత్రణ ఉత్తర్వు, పురుగుమందుల దుకాణానికి 1968 నాటి చట్టం, తీరంలో రొయ్య పిల్లల హేచరీకి 2005 నాటి కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వర్తిస్తాయి. 500 చదరపు మీటర్లు దాటిన ప్లాట్ల వెంచరుకు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. క్వారీ, క్రషరు, రైసుమిల్లు, మెడికల్ షాపు, దేనికైనా అనుమతి, గడువు, నోటీసు ఉన్నాయి. ఈనాడు ఈ పనులన్నీ ఎక్కువగా దళారుల చేతిలో ఉన్నాయి. ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషికి ఇచ్చే డబ్బు, రాసి సంతకం పెట్టి బాధ్యత వహించే లాయరుకు ఇస్తే వ్యాపారికీ రసీదు ఉంటుంది, లాయరుకూ ఇల్లు గడుస్తుంది. ఆ సంపాదన మీద నిలబడి నెలకు ఒకటో రెండో ఊరి వ్యవహారాలు తక్కువ ఫీజుకు చూడడం అసాధ్యం కాదు.

కరెంటు విషయం కూడా అంతే. చార్జీల పెంపు ప్రతిపాదనల మీద అభ్యంతరాలు పంపే హక్కు 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రతి వినియోగదారుడికీ ఉంది. బిల్లులు, ట్రాన్స్‌ఫార్మర్ల ఫిర్యాదులకు డిస్కంలో ఫోరం, ఆపైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. అర్జీ ఎలా రాయాలో తెలిసినవాడు లేక రైతులు లైన్‌మన్‌తో పోట్లాడి ఊరుకుంటున్నారు.

చేయవలసిన పనులు

ఇందుకు పెద్ద పథకాలు అక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, కార్మికులకు, పారిశ్రామిక ప్రమాద బాధితులకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు తమ ప్యానెల్ లాయర్లలో కొందరికైనా పర్యావరణ, విద్యుత్ చట్టాల్లో శిక్షణ ఇప్పించాలి. సబ్బవరం విశ్వవిద్యాలయం, విశాఖ లా కాలేజీలు తమ విద్యార్థులను ప్రజాభిప్రాయ సభకు నెల ముందే ఆ ఊళ్లకు పంపి, నివేదికలోని ముఖ్యమైన పేజీలు తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు చేయాలి. విద్యార్థికి అది చదువు, ఊరికి అది సాయం. ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న నాలుగైదు పంచాయతీలు కలిసి ఒక లాయరును పెట్టుకోవడం గురించి ఆలోచించాలి.

తల్లిదండ్రులు కూడా ఒకటి గ్రహించాలి. కొడుకు హైదరాబాదులో లాయరై కోర్టుకు వెళ్లడం లేదంటే చెడిపోయాడని కాదు. కూతురు రోజంతా గెజిట్లు చదువుతోందంటే గుమాస్తా పని చేస్తోందని కాదు. వెళ్లనివ్వాలి, నేర్చుకోనివ్వాలి. ఐదేళ్లో ఎనిమిదేళ్లో అయ్యాక వారిలో పదిమందికి ఒకరు తిరిగివచ్చి అనకాపల్లిలోనో, యలమంచిలిలోనో, నర్సీపట్నంలోనో బోర్డు కట్టినా చాలు. ఆ తర్వాత ఊరి చివర షామియానా లేచిన రోజున నివేదిక చేత్తో పట్టుకుని, ఫలానా పేజీలో నీటి లెక్క ఎందుకు కుదరలేదని అడిగే మనిషి ఊరి వరుసలో కూర్చుని ఉంటాడు. కలెక్టరు గారు అప్పుడు ఆ ప్రశ్నను మినిట్స్‌లో రాయించక తప్పదు.